తరుగుదల టన్నుల్లో చూడండి, డాలర్లలో కాదు

ప్రపంచ బ్యాంకు గ్రాఫులో 2008 దగ్గర చాలా దేశాల ‘ఇంధన తరుగుదల’ గీత ఒక్కసారిగా లేచి మరుసటి ఏడే పడిపోయిందేంటి, ఆ ఏడాది అంత తవ్వేశారా అని అడిగారు కదా. లేదండీ, తవ్వకం మామూలుగానే సాగింది, పెరిగింది ధర. ఆ జులైలో ముడిచమురు బ్యారెల్ 147 డాలర్ల దాకా వెళ్లి డిసెంబరుకల్లా 40 కిందికి దిగింది. ఆ సూచీలో భూమిలో ఇంకా మిగిలి ఉన్న బొగ్గు, చమురు, గ్యాస్‌లకు డబ్బులో విలువ కట్టి, ఆ నిల్వ ఎన్నేళ్లు వస్తుందో ఆ సంఖ్యతో భాగిస్తారు (ఎంత ఉన్నా 25 ఏళ్లకు మించి వేయరు), వచ్చినదాన్ని జాతీయాదాయంలో శాతంగా చూపిస్తారు. దేశ సంపద లెక్కకు అది పనికొస్తుంది గానీ భూమిలో ఎంత తగ్గిందో చెప్పదు.

మీకు కావాల్సింది అదే అయితే టన్నుల్లో వేయండి. అక్కడా ఓ తిరకాసు ఉంది. నేను కొన్నేళ్లు బొగ్గు బాయిలో సర్వే సెక్షన్‌లో చేశాను. నెలాఖరుకు ఫేస్ (బొగ్గు కోసే గోడ) ఎంత ముందుకు జరిగిందో టేపు పట్టి కొలిచి, గ్యాలరీ (లోపలి సొరంగం) వెడల్పు, ఎత్తుతో గుణించి, బొగ్గు సాంద్రత వేసి టన్నులు తేల్చేవాళ్లం. బయటికొచ్చిన బొగ్గుతో పేచీ లేదు, లోపల మిగిలినదానితోనే. రూఫ్ నిలవడానికి బొగ్గునే పిల్లర్లుగా వదిలేస్తారు, డీపిల్లరింగ్‌లో, అంటే చివర్లో ఆ పిల్లర్లను తీసేటప్పుడు, కొంత తీసినా మిగతాది అక్కడే ఉండిపోతుంది. మా పక్క బాయి మూసేశాక ఆ పిల్లర్లు ఇక పోయినట్టే అనుకున్నాం. తరవాత అదే చోట ఓసీ (ఓపెన్‌కాస్ట్, పైనుంచి తవ్వే గని) తెరిచారు, పైమట్టి తీసేసరికి ఆ పిల్లర్లే మళ్లీ ‘నిల్వ’ అయ్యాయి, షావెల్ బకెట్‌లో బొగ్గుతోపాటు పాత సపోర్టు కర్రలు, తుప్పు పట్టిన రూఫ్ బోల్టులు కూడా వచ్చేవి. భూమిలో కొత్తగా ఒక్క టన్ను పుట్టలేదు, తీయగలిగే పద్ధతి మారింది, అంతే.

దీనికి రివర్స్ కేసు కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో సముద్రంలో ఉన్న డీ6 గ్యాస్ బ్లాకు. అక్కడి రెండు ప్రధాన క్షేత్రాల నిల్వ అంచనాను 2012లో మూడో వంతుకు కోసేశారు. 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చిన గ్యాస్ 2013కల్లా కోటిన్నర కిందికి పడింది. తవ్వి ఖర్చు చేసింది కాదు ఆ తరిగిన అంచనా, కాగితం మీదే పోయింది.

అందుకే మన దేశంలో 36,000 కోట్ల టన్నుల బొగ్గు ఉంది, ఏటా 100 కోట్లు తవ్వుతాం, కాబట్టి 360 ఏళ్లు ఢోకా లేదు అనే లెక్క చూస్తే నాకు నవ్వొస్తుంది. అందులో 1200 మీటర్ల లోతు దాకా ఉందని ఊహించినది కూడా కలిసి ఉంది, మన ఉత్పత్తిలో 90 శాతానికి పైగా ఓసీలదే, అవి అంత లోతుకి పోవు.

మీ ఎక్సెల్‌లో తవ్వినది, కొత్తగా దొరికినది, అంచనా సవరణ మూడూ వేర్వేరు కాలమ్‌లలో పెట్టండి. సవరణను మొదటి రెండింటిలో దేనిలో కలిపినా గ్రాఫ్ పాడైపోతుంది. డబ్బులో చూపించక తప్పకపోతే ఏదో ఒక ఏడాది ధరనే అన్నేళ్లకూ వాడండి. బొగ్గు అంకెలకు ఏటా వచ్చే కోల్ డైరెక్టరీ చాలు.