రెడ్ నీ టరాంటులా కొన్నాను, అది స్మిథియా హమోరీయా ఎలా తెలుస్తుంది?

విజయనగరం నుంచి అడిగినవారి ప్రశ్న ఇది: రెండున్నర అంగుళాల మెక్సికన్ రెడ్ నీ టరాంటులా, అంటే మోకాళ్ళు ఎర్రగా ఉండే పెద్ద సాలీడు కొన్నారట. స్మిథి, హమోరీ అని ఇందులో రెండు జాతులున్నాయి. అమ్మినతను స్మిథి అన్నాడు, ఫొటో చూసినవాళ్ళలో సగం మంది హమోరీ అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఎవరి మాటా నమ్మక్కర్లేదు. దాని ముఖం చూడండి. అందరూ పైనుంచి ఫొటో తీసి మోకాళ్ళ ఎరుపు చూసి తేల్చేస్తారు. ఈ రెండింటిని విడదీయడానికి పైనుంచి తీసిన ఫొటో దాదాపు పనికిరాదు.

అమ్మినతను అబద్ధం చెప్పాడని కూడా అనుకోకండి. ఈ సాలీళ్ళ ప్రజాతి బ్రాకీపెల్మా. అందులో స్మిథి పేరు 1897 నాటిది. హమోరీకి పేరు పెట్టింది 1997లో. 2017లో మెండోసా, ఫ్రాంకే అనే శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ మళ్ళీ పరిశీలించి హద్దులు స్పష్టం చేసేవరకూ పెంపుడు జీవుల బజారులో స్మిథి పేరుతో తిరిగినవాటిలో ఎక్కువ భాగం హమోరీలే. అసలు స్మిథి అప్పట్లో ఆనిత అనే వేరే పేరుతో అమ్ముడుపోయేది. పాత చీటీ చేతులు మారుతూ వచ్చిందంతే. అందుకే ఏ రుజువూ లేకుండా పందెం కట్టమంటే నేను హమోరీ మీదే కడతాను.

ఇక పరీక్ష. కోరలు మొలిచే ఆ రెండు లావుపాటి ముందు భాగాలనే కెలిసెరా అంటారు. ఎదురుగా నేల మట్టం నుంచి చూస్తే హమోరీకి వాటి మీద గోధుమ-గులాబీ రంగు పట్టీలు రెండు కనిపిస్తాయి, స్మిథికి ఒక్కటే. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వాడొద్దు, లేత గులాబీ రంగును అది తెల్లగా కొట్టేస్తుంది. డబ్బాను కిటికీ దగ్గర పెట్టి, వెనక తెల్ల కాగితం నిలబెట్టి, పక్క గోడను లోపలా బయటా తుడిచి, ఫోన్‌ను బల్ల మీద ఆనించి తీయండి. మూత తీసి ముఖం దగ్గర పెట్టడం మాత్రం వద్దు. అమెరికా ఖండాల టరాంటులాల్లో చాలావాటికి ఉన్నట్టే దీనికీ పొట్ట మీద దురద పుట్టించే వెంట్రుకలుంటాయి. వెనక కాళ్ళతో వాటిని గాల్లోకి విసురుతుంది. కంట్లో పడితే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

కుబుసం విడిచే ముందు తీసిన ఫొటో అసలు పంపకండి. అప్పుడు రంగులన్నీ మసకబారి రెండు పట్టీలూ కలిసిపోయినట్టుంటాయి. కుబుసం విడిచిన పది రోజుల తర్వాత తీసిందే నమ్మదగ్గది.

రెడ్ నీ అనే చీటీ కింద మరికొన్ని కూడా వస్తున్నాయి, అవి తేలిక. వీపు పెంకు నల్లగా ఉండి చుట్టూ సన్నటి లేత అంచుంటే, మోకాలి మీద ఎరుపు మంట ఆకారంలో ఉంటే అది ఆరాటమ్ (auratum) అనే జాతి. వీపు పెంకు నారింజ రంగులో ఉండి, కాళ్ళలో ఎక్కువ భాగం కూడా అదే రంగైతే బోమీ. పెంకు ముందు భాగంలో నల్ల త్రికోణం ఉంటే ఎమీలియా. బొబ్బిలి వైపు నుంచి ఈ మధ్య వచ్చిన ఒక ఫొటోలో స్మిథి అని రాసినది అచ్చమైన ఆరాటమ్ జాతిది. పెంకు అంచు ఒక్కసారి చూసుంటే అమ్మినవాడికీ తెలిసేది, కొన్నవాడికీ తెలిసేది. ధర చెప్పే ముందు జంతువును తిప్పి చూపించే ఓపిక కూడా లేకపోతే ఈ వ్యాపారం చేయడమెందుకు?

ముఖం చూసినా తేలకపోతే కుబుసమే దిక్కు. దాన్ని చెత్తలో పారేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. సాలీడు వెల్లకిలా పడుకుంటే చచ్చిపోయిందని కంగారుపడి కదపకండి, అది పొర విడుస్తోంది. పని ముగించి పక్కకు జరిగాక పొడవాటి పట్టకారుతో కుబుసాన్ని తీయండి. అదే రోజు తీస్తే మెత్తగా ఉంటుంది. ఎండిపోతే గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి గంటసేపు నాననివ్వండి. పొట్ట తోలు మెలిపడి ముద్దగా ఉంటుంది, లాగితే చిరుగుతుంది. తడి బొమ్మల బ్రష్షుతో నీళ్ళలోనే మెల్లగా విప్పి లోపలి వైపు పైకి పెట్టండి. నాలుగు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అవి ఊపిరితిత్తుల గుర్తులు. కాళ్ళ వైపున్న రెండు మచ్చల మధ్య చూడండి. ఆడదైతే అక్కడ చిన్న రెక్కలాంటి మడత లేచి ఉంటుంది, దాన్ని స్పెర్మథీకా అంటారు. మగదైతే ఉత్త గీతే. పూర్తిగా ఎదిగిన ఆడదాంట్లో ఈ మడత అడుగు పలక స్మిథికి అండాకారంగా ఉంటుంది, హమోరీకి చీలి ఉంటుంది. మీ రెండున్నర అంగుళాలదాంట్లో ఆడో మగో తెలియవచ్చు గానీ పలక ఆకారం చదవడం కష్టం. నాలుగంగుళాలు దాటాక, సూక్ష్మదర్శిని కింద చూడాలి. మగవాటిలో తేడా పెడిపాల్ప్ (నోటి పక్కనుండే చిన్న కాలులాంటి అవయవం) కొసనున్న బల్బులో ఉంటుంది. అది ఆఖరి పొర విడిచాకే వస్తుంది కాబట్టి కుబుసంలో దొరకదు.

చూడ్డం అయ్యాక అద్దుడు కాగితం మీద ఆరబెట్టి, తేదీ రాసిన కాగితపు కవర్లో దాచండి. మన సముద్రపు గాలికి ప్లాస్టిక్ సంచిలో వారానికే బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేయండి. చీమలకు అందనివ్వకండి.

అర అంగుళం పిల్లను చూపించి ఇది కచ్చితంగా స్మిథి అని ఎవరైనా అంటే ఆ మాటకు డబ్బివ్వకండి. ఈ ప్రజాతి పిల్లలన్నీ లేత రంగు ఒళ్ళు, పొట్ట మీద నల్ల మచ్చతో ఒకేలా ఉంటాయి. అడగాల్సింది తల్లిదండ్రుల మూలం. మెక్సికోలో బాల్సాస్ నదీ లోయకు ఉత్తరాన కొలీమా, హలిస్కో, మిచోవకాన్ వైపువి హమోరీలు, దక్షిణాన గెరెరో వైపువి స్మిథిలు. ఆ మూలం తెలియకపోతే "బ్రాకీపెల్మా, స్మిథి లేదా హమోరీ" అని రాసి ఆపేయండి, జత కట్టించకండి. 2017కు ముందు ఒకే పేరు కింద రెండింటినీ కలిపేసినవాళ్ళు ఉన్నారు. ఆ సంకరాల పిల్లలకు ఏ పరీక్షా సరిగ్గా సరిపోదు.

పేరు ఎందుకంత ముఖ్యమంటే బ్రాకీపెల్మా మొత్తం సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక సైటిస్ జాబితా జీవిని ఉంచుకున్నవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం మీద శాస్త్రీయ నామం రాయాలి. అమ్మినతన్ని రసీదు, పత్రాలు అడగండి. ఇవ్వనంటే అతని దగ్గర మళ్ళీ కొనొద్దు.

చివరగా, మీరు అడగకపోయినా చెప్పాలి. మెక్సికోదాని పేరు కోసం ఇంత తపన పడేవాళ్ళం మన కొండల్లో ఉన్నవాటిని చెప్పులతో కొడుతున్నాం. తూర్పు కనుమల్లో చెట్టు తొర్రల్లో బతికే పీసిలోథీరియా అనే ప్రజాతి టరాంటులాలున్నాయి. వాటి ముందు రెండు జతల కాళ్ళ కింద పసుపు రంగుంటుంది, బెదిరించేటప్పుడు లేపి చూపిస్తాయి. వాటిలో రెగాలిస్‌కు పొట్ట కింద అడ్డంగా లేత పట్టీ ఉంటుంది. శ్రీలంకదైన ఫాసియేటాకు ఆ పట్టీ ఉండదు. మన రాష్ట్రానికే చెందిన నీలి సాలీడు మెటాలికాకు 1899లో పేరు పెట్టడానికి ఆధారం గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క నమూనా. చాలా కాలం తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. ఇప్పుడు తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. ఈ ప్రజాతి మొత్తాన్ని 2019లో సైటిస్‌లో చేర్చారు. అడవి నుంచి తెచ్చి అమ్మేవాడి దగ్గర ఒక్కటి కూడా కొనకండి.

వీటికి దురద వెంట్రుకలు ఉండవు, కానీ కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. కాబట్టి చేత్తో ముట్టుకోవద్దు. సాలూరు, సీతంపేట వైపు వానాకాలంలో మగవి ఆడవాటిని వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తే "ఓలమ్మా, ఇదేటి" అని కిరసనాయిలు పోసేయక్కర్లేదు. పెద్ద డబ్బా బోర్లించి, కింద నుంచి అట్టముక్క దూర్చి, చీకటి పడ్డాక దగ్గర్లోని పెద్ద చెట్టు మొదట్లో వదిలేయండి.