కెన్యాలో స్వచ్ఛంద సంస్థల ఉద్యోగం: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్.డబ్ల్యూ. పూర్తిచేసి, మూడేళ్లుగా అనంతపురం జిల్లాలో మహిళా సంఘాలతో కలిసి నడిచే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. కెన్యాలోని చిన్న స్థానిక సంస్థలను బలోపేతం చేసే ఒక ప్రాజెక్టులో రెండేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం వచ్చేలా ఉంది. మున్ముందు అక్కడే ఒక సంస్థకు నాయకత్వం వహించాలని ఆమె ఆశ. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా? పంపమంటారా?
– ఒక తండ్రి, కదిరి

జవాబు: పంపవచ్చనే నా అభిప్రాయం. అయితే ఒక సంస్థకు నాయకత్వం వహించడం వేరు, నాయకత్వం వహిస్తున్నవారికి అండగా నిలిచి వారి సంస్థను గట్టిపరచడం వేరు. మీ అమ్మాయికి వచ్చినది రెండో పని. కెన్యా ప్రజల సంస్థలను నడిపించవలసినవారు కెన్యా ప్రజలే. అక్కడ అందుకు సమర్థులైనవారికి కొదవ లేదు. ఈ సంగతి మనసుకు పట్టించుకుని వెళితే ఆమె అక్కడ గౌరవం పొందుతుంది, లేకపోతే ఆరు నెలలకే నిరాశ పడుతుంది.

కలిసి పనిచేయడం ఆ దేశానికి బయటివారు నేర్పిన విద్య కాదు. అందరూ కూడి ఒక పనికి చేయి వేయడాన్ని స్వాహిలీలో ‘హరాంబే’ అంటారు. అదే వారి జాతీయ నినాదం. ఊరికొక ‘చామా’ ఉంటుంది, అంటే మన పొదుపు సంఘం లాంటిది. అందులో ఒక రకాన్ని వారు ‘మెర్రీ గో రౌండ్’ అని పిలుస్తారు. నెలనెలా అందరూ సమానంగా డబ్బు వేసి వంతుల వారీగా ఒక్కొక్కరు తీసుకుంటారు కాబట్టి, మన చీటీల సంగతి తెలిసిన పిల్లకు అది ఒక్క పూటలో అర్థమవుతుంది. కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాథాయి 1977లో ప్రారంభించిన, చెట్లు నాటే గ్రీన్ బెల్ట్ ఉద్యమం కూడా ఇటువంటి మహిళా బృందాల మీదే నిలబడింది. ఆ బృందాలకు ప్రతిఫలం నాటిన మొక్కల లెక్కన కాక, బతికిన మొక్కల లెక్కన ఇచ్చేవారు. 1989లో నైరోబీలోని ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు ఆమె ఎదురు నిలిచి ఆపించగలిగారు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2011లో ఆమె మరణించిన తరువాత కూడా ఆ సంస్థ పనిచేస్తూనే ఉంది. సంస్థను బలోపేతం చేయడమంటే ఏమిటని మీ అమ్మాయిని ఇంటర్వ్యూలో అడిగితే, స్థాపకుల తరువాత కూడా నిలిచేలా చేయడమని చెప్పమనండి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం నేను సలహాదారుగా ఉన్న ఒక సంస్థలో చెక్కుల మీద సంతకం మొదలుకొని దాతలతో ఉత్తరాల వరకు అన్నీ ఒకే వ్యక్తి చేతిలో ఉండేవి. ఆయన మంచానపడగానే నాలుగు నెలల పాటు సిబ్బందికి జీతాలు అందలేదు, పిల్లల వసతిగృహం మూతపడింది. ఆయన నిజాయితీపరుడే. లోపమల్లా పాలక మండలి పేరుకు మాత్రమే ఉండటం, నేను కూడా ఆ విషయం ముందుగా అడగకపోవడం.

రోజువారీ పని ఎలా ఉంటుందో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే సంస్థలను బలోపేతం చేసే ఈ పనికి పెట్టిన ‘సామర్థ్య నిర్మాణం’ అనే పేరు విన్నవారు శిక్షణ తరగతులను మాత్రమే ఊహించుకుంటారు. అసలు పని నగదు పుస్తకం, ఓచర్లు, తీర్మానాల పుస్తకం దగ్గర మొదలవుతుంది. పాలక మండలి ఎన్నిసార్లు కూర్చుంది, డబ్బు తీయడానికి ఎందరి సంతకాలు కావాలి, కొనుగోళ్లను ఎవరు ఆమోదిస్తున్నారు, డైరెక్టరు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు అనే ప్రశ్నలకు ఆ సంస్థ తనంతట తాను జవాబులు రాసుకునేలా పక్కన కూర్చుని సాయపడాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన దేశంలో విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ వల్ల, విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని మరో సంస్థకు బదలాయించే వీలు లేదు. కెన్యాలో పెద్ద సంస్థ దాత దగ్గర నిధులు తీసుకుని చిన్న సంస్థలకు పంచడం మామూలు పద్ధతి; ఆ చిన్న సంస్థల లెక్కలు సరిగా లేకపోతే పెద్ద సంస్థే దాతకు జవాబు చెప్పుకోవాలి. అందుకే ఇటువంటి ఉద్యోగాలు అక్కడ పుడుతున్నాయి, అందుకే మీ అమ్మాయి వెళ్లేలోపు పద్దుల పరిజ్ఞానం పెంచుకోవడం అన్నిటికంటే అవసరం. నాయకత్వ కోర్సుల సర్టిఫికెట్ల కోసం ఖర్చు పెట్టే బదులు, మంచి ఆడిటరు దగ్గర రెండు నెలలు కూర్చుని ఒక స్వచ్ఛంద సంస్థ ఆడిట్ మొదటి నుంచి చివరి దాకా చూడమని చెప్పండి.

చట్టం కూడా చదవాలి. కెన్యా 2010 రాజ్యాంగంలో 36వ అధికరణం సంఘాలు పెట్టుకునే హక్కును ఇచ్చింది. 1990 నాటి ఎన్.జి.ఓ. చట్టం స్థానంలో ప్రజాప్రయోజన సంస్థల చట్టాన్ని 2013 జనవరిలో ఆమోదించినా, దానిని అమలులోకి తీసుకురావడానికి పదకొండేళ్లు పట్టింది. అదే 2013 చివరలో, సంస్థలకు వచ్చే నిధుల్లో విదేశీ వాటా 15 శాతం మించరాదనే సవరణ పార్లమెంటు ముందుకు రాగా, అక్కడి పౌర సంస్థలు ఏకమై వ్యతిరేకించడంతో అది వీగిపోయింది. చివరకు కొత్త చట్టం 2024 మే 14న అమలులోకి వచ్చింది. పాత చట్టం కింద ఉన్న సంస్థలు మళ్లీ నమోదు చేసుకోవలసి రావడంతో, నియమావళి, పాలక మండలి, వార్షిక నివేదిక తెలిసినవారి అవసరం పెరిగింది.

భవిష్యత్తు గురించి మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని ఒక్కసారిగా నిలిపివేసినప్పుడు కెన్యాలో ఆరోగ్య రంగంలోను, ఇతర రంగాల్లోను ఎందరో సిబ్బంది ఉద్యోగాలు కోల్పోయారు. ఒకే దాత మీద ఆధారపడిన సంస్థలే మొదట కూలాయి. అందువల్ల ఈ ప్రాజెక్టుకు డబ్బు ఎవరిస్తున్నారు, రెండేళ్ల నిధులు మంజూరయ్యాయా లేక ఏడాదికొకసారి మంజూరు కావాలా, మధ్యలో ఆగితే నోటీసు కాలం, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరివి అనే విషయాలను ఒప్పందంలో రాయించుకోవాలి. అయితే ఈ గడ్డుకాలమే స్థానికంగా నిధులు కూడగట్టే నేర్పుకు విలువ పెంచుతోంది. 2011లో ఉత్తర కెన్యా కరవుతో అల్లాడినప్పుడు ‘కెన్యన్స్ ఫర్ కెన్యా’ పేరుతో చేసిన విజ్ఞప్తికి సామాన్యులు ఫోనుతో డబ్బు పంపే ఎం-పెసా సేవ ద్వారా చిన్న చిన్న మొత్తాలు పంపగా, పెట్టుకున్న 50 కోట్ల షిల్లింగుల లక్ష్యం దాటిపోయింది. జనం ఇవ్వరని కాదు, తాము ఇచ్చినది ఎటు పోయిందో తెలిస్తే ఇస్తారు. ఆ లెక్క చెప్పగలిగేలా సంస్థలను తయారుచేసేవారికి దాతలు మారినా పని దొరుకుతుంది.

మీ అమ్మాయికి ఉన్న అసలు పెట్టుబడి అనంతపురంలో గడిపిన మూడేళ్లే. నెల్లూరు జిల్లాలో 1990ల తొలినాళ్లలో సారాకు వ్యతిరేకంగా లేచిన మహిళలు పొదుపు వైపు మళ్లడం, సంఘాలు గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా ఎదగడం, వాటిలో వచ్చిన తగాదాలు, బాకీలు, కొందరి పెత్తనం, ఇవన్నీ ఆమెకు దగ్గరగా తెలుసు. కానీ ఆ నమూనాను అక్కడ యథాతథంగా నాటాలని చూడకూడదు. మన సంఘాల వెనుక ప్రభుత్వ యంత్రాంగం, బ్యాంకు లింకేజీ నిలబడ్డాయి. చామాలు చాలావరకు తమంత తాము పుట్టినవి. మొదటి ఆరు నెలలు వినడానికే కేటాయించాలి. నైరోబీలో ఇంగ్లీషు సరిపోతుంది గానీ గ్రామ సభలో స్వాహిలీ లేనిదే మాట పెగలదు కనుక ఆ భాషను ఈ రోజే మొదలుపెట్టమనండి. 2013 నుంచి ఆ దేశంలో 47 కౌంటీలకు (మన జిల్లాల లాంటివి) వేర్వేరు ప్రభుత్వాలు ఉన్నాయి. కౌంటీ బడ్జెట్ అంచనాలు ఏటా ఏప్రిల్ 30లోగా కౌంటీ అసెంబ్లీకి చేరాలి, దానికి ముందు ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. ఆ సమయానికి స్థానిక సంస్థలు తమ కోరికలను అంకెలతో సహా సిద్ధం చేసుకోవడానికి తోడ్పడితే అంతకు మించిన సేవ లేదు.

భద్రత గురించి తండ్రిగా మీకు దిగులు ఉండటం సహజం. 2024 జూన్‌లో పన్నుల బిల్లుపై యువత చేసిన నిరసనల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. విదేశీయురాలిగా ఆమె ఊరేగింపులకు, రాజకీయ సభలకు దూరంగా ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ కార్డు భద్రపరచుకోవాలి. అది లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపుతారు. ఇక పర్మిట్ విషయం. పర్యటన అనుమతి మీద వెళ్లి ఉద్యోగం చేయకూడదు. ఉద్యోగులకు డి తరగతి, ఆమోదం పొందిన ధార్మిక, సేవా కార్యక్రమాలకు ఐ తరగతి పర్మిట్లు ఉన్నాయి. ఏది వర్తిస్తుందో చూసి ఆ సంస్థే దరఖాస్తు చేయాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా అనంతపురం ఉద్యోగానికి రాజీనామా చేయవద్దని చెప్పండి.