పుట్ట మీద నిలబడ్డ ఎరి: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నైజీరియాలో ఇగ్బో జాతివాళ్ళ ఊరైన న్రి పుట్టుక మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. వాక్యం నీకు పట్టుబడింది, కథ చెప్పే ఒడుపూ ఉంది. తప్పు మొదటి వాక్యంలోనే ఉంది: "ఇగ్బోల నమ్మకం ప్రకారం లోకం ఇలా మొదలైంది" అన్నావు. ఏ ఇగ్బోలు? ఒనిచా ఊరివాళ్ళు ఎజె చీమా అనే నాయకుడి వెంట బెనిన్ వైపు నుంచి వచ్చి నైజర్ నది దాటామంటారు. మేం ఎక్కడి నుంచీ రాలేదు, ఈ మట్టిలోనే పుట్టాం అనే ఊళ్ళూ ఉన్నాయి. ఎరి అనే మూలపురుషుడి కథ న్రి, అగులేరి, వాటితో చుట్టరికం చెప్పుకునే ఊళ్ళది. కథకు ముందు ఊరి పేరు పెట్టు. వీలైతే ఆ ఊళ్ళో ఏ వాడ వాళ్ళు చెప్పారో కూడా రాయి.

ఇక కథ. పరమదైవం చుక్వు పంపగా ఎరి ఆకాశం నుంచి దిగాడు. నేలంతా బురద, నిలవడానికి చోటు లేక చెదపుట్ట మీద నిలబడ్డాడు. ఓకా నుంచి కమ్మరి వచ్చి కొలిమితిత్తితో, బొగ్గుతో ఆ నేల ఆరబెట్టాడు. నువ్వు కమ్మరిని ఒక్క ముక్కలో దాటేశావు. దాటకూడదు. ఓకా కమ్మర్ల ఊరు. ఆకాశం నుంచి దిగినవాడికి కూడా కమ్మరి లేకుండా కాలు మోపే చోటు దొరకలేదని కథ చెబుతోంది. ఆ రెండు ఊళ్ళూ ఒకరి హోదాను ఒకరు గుర్తించిన ఒప్పందం అందులో ఉందని నేను చదువుకుంటాను. "పుట్ట" అనగానే మన పాఠకుడికి నాగులచవితి, పాలు గుర్తొస్తాయి. అక్కడ పాము లేదు. కాబట్టి మొదటిసారి "చెదపుట్ట" అనే రాయి.

ఎరి బతికినంతకాలం ఆకాశం నుంచి తిండి వచ్చేది. అతను పోయాక ఆగిపోయింది. కొడుకు న్రి మొరపెట్టుకుంటే, పెద్దకొడుకునూ పెద్దకూతురునూ చంపి పాతమన్నాడు చుక్వు. "మూడు వారాలకు" కొడుకు సమాధి మీద దుంపతీగ, కూతురి సమాధి మీద చామ మొలిచాయి. నువ్వు దీన్ని 21 రోజులని లెక్కేశావు. ఇగ్బో వారం నాలుగు రోజులే: ఎకె, ఓయె, అఫో, న్క్వో. మూడు వారాలంటే 12 రోజులు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

ఆ దుంపను "కంద" అన్నావు. నిఘంటువులు అలాగే అంటాయి, కానీ అది పెండలం జాతి. నేలలోకి దిగి, తీగ పైకి పాకే పంట. కందకు తీగ ఉండదు, సమాధి మీద పాకే బొమ్మ అక్కడే చెడిపోతుంది. అది మగవాళ్ళ పంట, చామ ఆడవాళ్ళ పంట. కొడుకు, కూతురు అనే విభజన అక్కడిది. ఇద్దరు బానిసల్నీ చంపి పాతితే ఒకరి నుంచి ఆయిల్‌పామ్, మరొకరి నుంచి ఉక్వా చెట్టు వచ్చాయి. ఉక్వాను "పనస" అనకు. కుటుంబం ఒకటే అయినా అక్కడ తినేది గింజల్ని. "ఉక్వా" అనే ఉంచి ఒక్క మాటలో చెప్పు. ఆయిల్‌పామ్‌కు మాత్రం వివరణ అక్కర్లేదు, ఏలూరు, ఖమ్మం రైతులు పెంచుతున్నది ఆ పడమటి ఆఫ్రికా చెట్టునే. ఇంకొకటి: "బానిసల్ని" అని ఉన్నచోట "సేవకులు" అని మెత్తబరిచావు. అలా మార్చకు. ఆ ఊరు తన గతం గురించి తానే చెప్పుకున్న మాట అది, దాన్ని తీసేసే హక్కు మనకు లేదు.

తిండిని అందరికీ పంచమని చుక్వు అంటే, బదులుగా నాకేమిస్తావని న్రి అడిగాడు. నేల మీద జరిగిన అపచారాల్ని శుద్ధి చేసే అధికారం, ఓజో అనే గౌరవ బిరుదులిచ్చే అధికారం దక్కాయి. కథ ఇక్కడికి రావడానికే అంత దూరం నడిచింది. న్రి పూజారులు ఊరూరా తిరిగి శుద్ధులు చేసిన హక్కుకు ఇదే దస్తావేజు. పుట్టుక కథ చేతికొచ్చినప్పుడల్లా, చివర్లో ఎవరికి ఏం దక్కిందో ముందు చూడు. మన కైఫీయతుల్లో కరణాలు రాయించిన ఊరి కథలు చదివినవాడివి, ఈ చూపు నీకు కొత్త కాదు.

అందుకే పాఠాంతరాల్ని కలిపి ఒకే కథ చేయడం పెద్ద తప్పు. నువ్వు అగులేరి చెప్పేదీ న్రి చెప్పేదీ అతికించావు. ఎరి మా దగ్గరే స్థిరపడ్డాడు, పెద్దరికం మాది అంటుంది అగులేరి. పౌరోహిత్యం మాది అంటుంది న్రి. న్రి ఊళ్ళోనే, మీరు రాకముందే మేమిక్కడ ఉన్నాం అనే అదామా వాళ్ళున్నారు. రాజు పట్టాభిషేకంలో వాళ్ళ చెయ్యి తప్పనిసరి. అతికించిన మరుక్షణం ఈ వాదులాట మొత్తం మాయమవుతుంది. ఒక్కో పాఠాన్నీ విడిగా, పూర్తిగా ఇవ్వు, తేడా వచ్చినచోట తేడా అని రాయి. ఇది పండితుల పట్టింపు కాదు. అగులేరి, ఉముయేరి రెండూ ఎరి పేరే చెబుతాయి. నది ఒడ్డున ఓతుఓచా నేల కోసం దశాబ్దాలు కోర్టుల్లో పోరాడి, 1995లో, 1999లో ప్రాణాలు తీసుకున్నాయి. "అసలైన వారసులు ఫలానావారే" అని రాసే ముందు ఆ రెండు సంవత్సరాలు గుర్తు తెచ్చుకో.

కథ నోట్లోనే ఉండదు. కొత్త ఎజె న్రి, అంటే న్రి రాజు, కాబోయేవాడు అగులేరికి ప్రయాణం కట్టాలి. అక్కడ అనంబ్రా నది అడుగు నుంచి మునిగి తెచ్చిన మట్టి కావాలి. తర్వాత అతను చనిపోయినట్టు పాతిపెట్టే తంతు జరిగి, తెల్లమట్టి పూసుకుని లేస్తాడు. సమాధి నుంచి పెండలం మొలిచిన కథను ఈ తంతు పక్కన పెట్టి చూడు. నీ ప్రతిలో దీనికి ఒక్క వాక్యమే ఉంది, ఒక పేజీ ఇవ్వాలి.

కాలం లెక్క దగ్గర చెయ్యి బిగబట్టు. రాజుల జాబితాను 30 ఏళ్ళ చొప్పున గుణించి ఎరికి శతాబ్దం కట్టావు. ఒక రాజు పోయాక మరో రాజు రావడానికి ఏడేళ్ళో అంతకంటే ఎక్కువో పట్టే ఊరది. పైగా వంశావళిలో మొదటి పేర్లు, చివరి పేర్లు నిలుస్తాయి, మధ్యవి జారిపోతాయి. దగ్గర్లోని ఇగ్బో-ఉక్వులో థర్స్టన్ షా తవ్వకాల్లో బయటపడ్డ కంచు వస్తువులు, లక్షన్నరకు పైగా పూసలు సుమారు 9వ శతాబ్దానివి. కంచు ముఖాల మీద న్రి వాళ్ళు ముఖాన గీయించుకునే ఇచి గాట్ల లాంటివి ఉన్నాయి కాబట్టి సంబంధం ఉందనుకోవడానికి ఆధారముంది. అయినా "ఎరి 9వ శతాబ్దం వాడు" అనడానికి అది చాలదు.

ప్రతి పాఠానికీ నమోదైన ఏడాది వేయి. నార్త్‌కోట్ థామస్ 1910-11లో ఆ ప్రాంతం తిరిగి, మైనపు సిలిండర్ల మీద గొంతులు రికార్డు చేశాడు. ఆయన బ్రిటిష్ వలస ప్రభుత్వం తరఫున వచ్చినవాడు, ఎదుటివాళ్ళు ఆ సంగతి తెలిసే మాట్లాడారు. బైబిల్లో గాదు కొడుకు ఏరీయే మన ఎరి అనే మాట కూడా వింటావు. నవ్వి కొట్టిపారేయకు, ప్రాచీన గాథగా కలిపేయకు. బైబిల్ చదివిన తరాలు వేసుకున్న పొర అని చెప్పి, దాని చోటు దానికివ్వు.

అక్కడి వాళ్ళతో మాట్లాడే అవకాశం వస్తే "మీ ఊరు ఎలా పుట్టింది?" అని మొదలుపెట్టకు. అందరూ అచ్చయిన పుస్తకంలోదే అప్పజెబుతారు. అతిథులకు పెట్టే కోలా గింజల పళ్ళెం ఏ వరసలో చేతులు మారుతుందో అడుగు, పెద్దరికం అందులో తేలుతుంది. ఏ జంతువును తినరు, ఏ ఊరితో వియ్యం అందరు, పొలిమేర గుడి ఎవరిది, ఇవి అడుగు. ఉముఆదాల్ని, అంటే ఆ వంశపు ఆడపడుచుల్ని, మగవాళ్ళు లేనప్పుడు విడిగా అడుగు. రికార్డింగును ముందు ఇగ్బోలోనే స్వరగుర్తులతో రాయించు. "అక్వ" అనే మాటకు స్వరాన్ని బట్టి ఏడుపు, బట్ట, గుడ్డు అన్నీ అర్థాలే. తెలుగు లిపిలో ఆ తేడా కనబడదు కనుక ఊరి పేర్లకు నీ అంతట నువ్వు వ్యుత్పత్తి చెప్పొద్దు.

మొత్తం తిరగరాయకు. మొదటి పేరా, కమ్మరి వచ్చే చోటు, పట్టాభిషేకం పేజీ, ఈ మూడూ సరిచేసి పంపు. మిగతాది వాటిని చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య