బావ ఆచూకీ గురించి పాపకు రాసిన జాబు

పాపా,

నీ జాబు అందింది. "గుర్తు తెలియని శవాల ఫోటోలు చూడ్డానికి పోతే, నాయన లేడని మనమే ఒప్పుకున్నట్టు కాదా మామా" అని అడిగినావు. కాదమ్మా. ఆ ఫోటోలు చూడ్డం వేరు, మీ నాయన పోయినాడని నమ్మడం వేరు. నేను పోలీస్ స్టేషన్లో రైటర్‌గా ఉన్నన్నాళ్లూ, ఆల్బమ్ తిరగేసి "మావాడు కాదు సార్" అని ఊపిరి పీల్చుకుని పోయినవాళ్లనే ఎక్కువ చూసినాను. నీ మనసు ఎటు మొగ్గినా వెతుకులాట రెండు దిక్కులా జరగాల. మీ అమ్మను మాత్రం ఆ పనికి తీసుకుపోవద్దు. నువ్వూ మీ చిన్నాయనా పోండి.

మ్యాన్ మిస్సింగ్ కేసు ఉండేది చిత్తూరులో, బావ బండి దొరికింది రేణిగుంట స్టేషన్ స్టాండులో. చిత్తూరు ఎస్పీ ఆఫీసు వేరు, తిరుపతి ఎస్పీ ఆఫీసు వేరు. పట్టాల మీదా ప్లాట్‌ఫారాల మీదా జరిగేవి రైల్వే పోలీసులవి, వాళ్ల రికార్డు ఇంకా వేరు. ఒకచోట ఇచ్చిన అర్జీ మిగతా రెండు చోట్లకీ దానంతట అదే పోతుందని నమ్ముకోవద్దు. రేణిగుంటలో రైలెక్కిన మనిషి గూడూరుకైనా పోవచ్చు, గుంతకల్లుకైనా పోవచ్చు, అరక్కోణం మీదుగా మద్రాసుకైనా పోవచ్చు. అందుకే కరపత్రం అరవంలో కూడా అచ్చు వేయించు. కాట్పాడిలో మన తెలుగు ఎవరు చదువుతారు?

కరపత్రంలో "చామనఛాయ, సాధారణ ఎత్తు" అని రాసినారే, అట్లాంటి మనుషులు తిరుపతి బస్టాండులో గంటకు వెయ్యిమంది కనిపిస్తారు. పుట్టుమచ్చలు, కట్టుడు పళ్లు, ఆపరేషన్ కుట్లు, పచ్చబొట్టు రాయండి. మొహం ఆనవాలు పట్టలేనప్పుడు మేము ముందు చూసేది చొక్కా కాలరు లోపల టైలరు కుట్టిన గుడ్డపట్టీ. దాని మీద షాపు పేరూ ఊరూ ఉంటాయి. బావ చొక్కాలు కుట్టించే షాపు పట్టీ ఒకటి ఇంట్లో ఉన్న పాత చొక్కాలోంచి విప్పి ఫైలులో పెట్టు. డీఎన్ఏ పరీక్ష కోసం నీ రక్త నమూనా తీసుకోమని కూడా దర్యాప్తు చేసే ఎస్సైకి అర్జీ రాసివ్వు.

ఒక్క గుర్తు మాత్రం బయట పెట్టొద్దు. మోకాలి మీద ఆ కాలిన మచ్చ ఇంటివాళ్లకూ పోలీసులకూ తెలిస్తే చాలు. రేపు ఎవడో ఫోన్ చేసి "మీ నాయన మా దగ్గరున్నాడు, ఖర్చులకు పంపండి" అంటాడు. ఆ మచ్చ ఎక్కడుందో చెప్పమను, వీడియోలో చూపించమను. చెప్పలేకపోతే పైసా పంపొద్దు, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోన్ చెయ్యి. బావ నంబరుకూ కరపత్రంలో వేసిన నంబరుకూ రీచార్జి ఆపొద్దు. వాడకుండా వదిలేస్తే ఆ నంబరు ఇంకొకరికి పోతుంది.

బావకు మతిమరుపు మొదలై ఉండింది కాబట్టి ఇది ముఖ్యం. ఊరూ పేరూ చెప్పలేక తిరిగేవాళ్లను పోలీసులు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అందుకని తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, మద్రాసు కీల్పాక్ మానసిక ఆసుపత్రిలోనూ, విశాఖ మానసిక ఆసుపత్రిలోనూ ఫోటో ఇచ్చి అడగండి. తిరుపతిలో కొత్త మనిషిని ఎవరూ కొత్తగా చూడరు. అలిపిరి దగ్గర ఒకాయన నెలరోజులు కూర్చున్నా ఎక్కడినుంచో వచ్చిన భక్తుడే అనుకుంటారు.

స్టేషన్లో ఎస్సైలు మారతా ఉంటారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ కేసు మళ్లీ మొదటినుంచి చెప్పాల, విసుక్కోవద్దు. నోటిమాట కాదు, కాగితం ఇచ్చి రసీదు తీసుకో. కదలిక లేకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పో.

డబ్బు సంగతి చెప్పాలంటే, మనిషి ఏడేళ్లు ఎవరికీ కనబడక, కబురు లేకపోతేనే చనిపోయినట్టు కోర్టు భావిస్తుంది. పాత సాక్ష్య చట్టంలో అది 108వ సెక్షన్, ఇప్పటి కొత్త చట్టంలో 111. అది కూడా సివిల్ కోర్టులో దావా వేస్తేనే. బావ ఎల్ఐసీ ప్రీమియం అంతవరకూ కట్టాల్సిందే. ఏడేళ్లు దాటినా ఏ రోజు చనిపోయినాడన్నది చట్టం ఊహించుకోదని, మధ్యలో కట్టడం ఆపితే పాలసీ పోతుందని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. "మనిషే లేకపోతే ప్రీమియం ఎందుకు" అని మీ పెదనాయన అంటాడు. వినొద్దు.

కర్మ చేసేయమని ఊళ్లో అంటున్నారట. మన పాతకాలం వాళ్లే పన్నెండేళ్లు ఆగేవాళ్లు, వీళ్లకేమి తొందర? బొట్టూ తాళీ మీ అమ్మ ఇష్టం. అంజనం వేయిస్తానంటే ఒకసారి పోనీ, కొట్లాడొద్దు. అంజనంలో కనబడిన ఊరికల్లా కారు కట్టించుకుని పోవడం మాత్రం మానుకోండి.

ఈ జాబంతా అమ్మకు చదివి వినిపించొద్దు. ఎల్ఐసీ సంగతి ఒక్కటే చెప్పు. కరపత్రం అరవంలో రాసేదానికి మా వీధిలో ఒక టీచరు ఉన్నాడు, ఆదివారం లోపల ఫోటో పంపు.

మీ మామ