అన్యాపదేశమా? అన్యోపదేశమా?

సందేహం: ‘ఆయన ఆ మాట అన్యాపదేశంగా అన్నాడు’ అంటుంటారు. అంటే ఇతరులకు చేసిన ఉపదేశమనా? కొందరు ‘అన్యోపదేశం’ అని రాస్తున్నారు. ఏది ఒప్పు? ‘పరోక్షంగా’ అన్నా ఇదే అర్థమేనా?

సమాధానం: ‘అన్యాపదేశం’ ఒప్పు. ఇందులో ఉపదేశం లేదు, అపదేశం ఉంది. అపదేశం అంటే నెపం, మిష. ‘వ్యాజోఽపదేశో లక్ష్యం చ’ అని అమరకోశం. అన్య + అపదేశం, సవర్ణదీర్ఘం. ‘అన్యోపదేశం’ అని రాస్తే గుణసంధి జరిగి ‘మరో ఉపదేశం’ అని వేరే అర్థం వస్తుంది.

ఒకదాని నెపంతో మరొకటి చెప్పడమే అన్యాపదేశం. పొద్దుపోయినా చుట్టం కదలకపోతే ఇల్లాలు పిల్లాడితో ‘పడుకోరా, పొద్దున్నే బడి ఉంది’ అంటుంది. మాట పిల్లాడికి, కబురు చుట్టానికి.

కావ్యాల్లో కవులు మేఘాన్నో, చాతకాన్నో, తుమ్మెదనో పిలిచి మనుషులకు తగిలేలా చెప్పేది కూడా ఇదే. ఆలంకారికులు దీన్ని అప్రస్తుతప్రశంస అన్నారు (ఇక్కడ ప్రశంస అంటే పొగడ్త కాదు, ప్రస్తావన). అన్యోక్తి అన్నా ఇదే. 17వ శతాబ్దిలో నీలకంఠ దీక్షితులు సంస్కృతంలో ఏకంగా అన్యాపదేశ శతకమే రాశారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అసలు విషయం పైకి అనకూడదు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు’ అని వేమన అక్కడే ఆగి ఉంటే అది అన్యాపదేశం అయ్యేది. ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’ అని విప్పి చెప్పేశాడు కాబట్టి కాలేదు. దానివల్ల పద్యానికి వచ్చిన లోటేమీ లేదు. జనం నాలుకల మీద నిలిచింది కూడా ఆ చివరి మాటే.

‘పరోక్షంగా’ దీనికన్నా విశాలమైన మాట. ఒక నాయకుడు పేరెత్తకుండా ‘కొందరు అవినీతిపరులున్నారు’ అంటే అది పరోక్ష విమర్శ. దాన్ని అన్యాపదేశం అనడం సరికాదు. అక్కడ దాచింది పేరు మాత్రమే, విషయం బయటే ఉంది. అదే నాయకుడు ‘కంచే చేను మేస్తోంది’ అని ఊరుకుంటే నిస్సందేహంగా అన్యాపదేశం. పత్రికల్లో రాసేవారు ఈ తేడా పాటిస్తే బాగుంటుంది. ‘నర్మగర్భంగా’ అన్నది ఇంకో దారి. నర్మం అంటే పరిహాసం. లోపల చమత్కారమో గూఢార్థమో దాచిన మాటకు అది తగుతుంది. దానికి వేరే వస్తువును నెపం చేసుకోవలసిన పని లేదు.