నాలుగు కొలువులు, చివరికో బిరుదు

ప్రశ్న: సింధియా సైన్యాన్ని తీర్చిదిద్దిన ఐరోపా సేనాని ఒకాయన గొప్ప ప్రభువంశంలో పుట్టాడనీ, అంతకుముందు ఒంగోలు, నెల్లూరు దారిన సాగిన కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దండులో పనిచేశాడనీ ఒక సభలో విన్నాను. అంతటి ఇంటి బిడ్డ పరాయి రాజు కింద జీతానికి ఎందుకు కుదిరినట్టు? ఆ రోజుల్లో అది అప్రతిష్ఠ కాదా? (ఒంగోలు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మీరు అడుగుతున్నది బెన్వా డి బోయిన్ గురించి. ఆయన కౌంట్ బిరుదుతో కన్నుమూసిన మాట నిజమే గాని, ఆ బిరుదు పుట్టుకతో వచ్చింది కాదు. 1751 మార్చి 8న సవాయ్ సీమలోని (నేడు ఫ్రాన్సులోది, అప్పుడు సార్డీనియా రాజు ఏలుబడి) షాంబేరీ పట్టణంలో, బొచ్చుతోళ్ల వ్యాపారం చేసుకునే ఒక కుటుంబంలో ఆయన పుట్టాడు. ఇంటిపేరు లెబోర్న్. వంశగౌరవాన్ని సూచించే ‘డి’ అన్నది తరువాత తనంతట తాను తగిలించుకున్నదే. సభల్లో చెప్పే కథలు సాధారణంగా మనిషి చివరి హోదాను తీసుకెళ్లి ఉయ్యాలలోనే పెట్టేస్తాయి, ఇక్కడా జరిగింది అదే.

పరాయి కొలువు అప్రతిష్ఠ కాదు సరికదా, ఆనాటి ఐరోపాలో ప్రభుకుటుంబాల చిన్న కొడుకులకు అది రాచబాట వంటిది. ఆస్తి పెద్దవాడికి పోతుంది, మిగిలినవాళ్లు మతపీఠాన్నో ఖడ్గాన్నో నమ్ముకోవాలి. ఫ్రాన్సు రాజు సైన్యంలో స్విస్ పటాలాలు, ఐరిష్ పటాలాలు వేరువేరుగా ఉండేవి. మన బోయిన్ కూడా 1768లో ‘క్లేర్’ అనే ఐరిష్ పటాలంలోనే చేరాడు. కాని వంశబలం లేనివాడికి అక్కడ పై మెట్టు దొరకడం కష్టం. ఆ పట్టు ఎంత బిగిసిందంటే, 1781లో ఫ్రాన్సు ప్రభుత్వం నాలుగు తరాల ప్రభువంశాన్ని రుజువు చేసుకున్నవారికే తప్ప నేరుగా అధికారి పదవి ఇవ్వరాదని శాసనమే చేసింది. అంతదాకా ఆగకుండా బోయిన్ 1773లోనే ఆ కొలువు వదిలేశాడు. తరువాత తుర్కులతో పోరాడుతున్న రష్యా పక్షాన చేరి, 1774లో టెనెడోస్ ద్వీపం దగ్గర శత్రువులకు పట్టుబడి, కొంతకాలం బందీగా గడిపి, విడుదలయ్యాక ఈజిప్టు మీదుగా 1778లో మద్రాసు చేరాడు. ఉద్యోగం దొరికేదాకా ఇక్కడ కత్తిసాము నేర్పి పొట్ట పోసుకున్నాడని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. చివరికి కుంఫిణీ వారి 6వ మద్రాసు సిపాయి పటాలంలో అందరికన్నా చిన్న అధికారిగా చేరాడు. ఇది మూడో కొలువు.

మీరు విన్న ఒంగోలు, నెల్లూరు ముచ్చట ఈ కాలానిదే. 1779లో కుంఫిణీ వారు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ నుంచి గుంటూరు సర్కారును కౌలుకు తీసుకుని అక్కడ సైన్యాన్ని నిలిపారు. మరుసటి ఏడు హైదర్ అలీ ఆర్కాటు సీమ మీద పడగానే కర్నల్ బెయిలీ నాయకత్వంలో ఆ దండును దక్షిణానికి రమ్మన్నారు. గుండ్లకమ్మ, మన్నేరు, పెన్న, స్వర్ణముఖి దాటుకుంటూ మన రెండు జిల్లాల మీదుగా వచ్చిన ఆ దండు ఆగస్టు చివరన కుశస్థలి ఒడ్డుకు చేరింది. చేరిన సాయంత్రమే దాటి ఉంటే సరిపోయేది. ఉత్తరపు ఒడ్డున గుడారాలు వేశారు, ఏరు పొంగింది, రోజుల తరబడి అక్కడే కూలబడ్డారు. సెప్టెంబరు 10న కంచికి దగ్గరలోని పొల్లిలూరు వద్ద హైదర్, టిప్పు కలిసి ఆ దండును తుడిచిపెట్టారు. బోయిన్ పటాలం ఆ దండులోదే. అయితే రెండు కంపెనీలతో ధాన్యం బండ్లకు కాపలాగా విడిగా పంపడం వల్ల ఆయన ఆ రోజు యుద్ధభూమిలో లేడనీ, అందుకే బతికి బయటపడ్డాడనీ జీవితచరిత్రలు చెబుతున్నాయి. కాబట్టి మన దారిన నడిచింది ఆయన దండు అనడం నిక్కమైన మాట.

పరదేశి కావడంతో కుంఫిణీలోనూ ఎదుగుదల కనిపించక 1782లో రాజీనామా చేసి, సిఫార్సు లేఖలతో కలకత్తాకు, అక్కడి నుంచి లక్నోకు వెళ్లి, పారశీకం, హిందుస్తానీ నేర్చుకున్నాడు. 1784లో మరాఠా ప్రభువు మహాదాజీ సింధియా ఆయనను పిలిచి రెండు పటాలాలు తయారు చేయమన్నాడు. ఒక్కో పటాలంలో 850 మంది. సేనానికి నెలకు వెయ్యి రూపాయలు, తలకు ఎనిమిది రూపాయల లెక్కన సిపాయిల ఖర్చు. అందులో సిపాయి చేతికి అయిదున్నర ఇచ్చి, మిగిలినది అధికారుల జీతాలకు వాడుకున్నాడు. యుద్ధాల గురించి రాసేవారు ఈ లెక్కను దాటేసి నేరుగా ఫిరంగుల దగ్గరికి పోతారు. నా దృష్టిలో బోయిన్ బతుకంతా ఈ లెక్కలోనే ఉంది. ఆనాటి దేశీ సైన్యాలకు పెద్ద రోగం జీతాల బకాయి. 1787లో లాల్సోట్ దగ్గర రాజపుత్రులతో యుద్ధం మధ్యలోనే మహాదాజీ కొలువులో ఉన్న మొగలు పటాలాలు బకాయిల కోసం అలిగి, ఫిరంగులతో సహా శత్రువు వైపు వెళ్లిపోయాయి. బోయిన్ రెండు పటాలాలు మాత్రం కదలలేదు. అయినా ఆ తరువాత తన సైన్యాన్ని పెంచే విషయంలో మాట కుదరకపోవడంతో ఆయన తప్పుకుని, లక్నోలో క్లాడ్ మార్టిన్ అనే ఫ్రెంచివాడి తోడుగా వ్యాపారం పెట్టుకున్నాడు.

1790లో మహాదాజీ మళ్లీ కబురు పెట్టినప్పుడు బోయిన్ ఖజానా మాటను నమ్మలేదు. సైన్యం జీతానికి భూమినే అప్పగించమన్నాడు. కోయిల్, అంటే నేటి ఆలీగఢ్, కేంద్రంగా గంగా యమునల నడుమ ఉన్న పరగణాల శిస్తు నేరుగా ఆయన చేతికి వచ్చే ఏర్పాటు జరిగింది. కుంఫిణీ మీద కత్తి ఎత్తననే షరతు కూడా రాయించుకున్నాడు. వేళకు జీతం ముట్టే కొలువు అనగానే అవధ్, రోహిల్‌ఖండ్ యువకులు బారులు తీరారు, పది పటాలాల బ్రిగేడు కొద్ది నెలల్లో సిద్ధమైంది. వాటిలో ఏడు పటాలాల వారిని తిలంగాలనేవారు. అందులో తెలుగువాడు ఎవడూ ఉండనక్కరలేదు, మన సీమలలో మొదలైన సిపాయి కవాతుకూ దుస్తులకూ ఉత్తరాదిన నిలిచిన పిలుపు అది.

ఆ బ్రిగేడు అదే ఏడు జూన్ 20న పాటన్ దగ్గర, సెప్టెంబరు 10న మేడతా దగ్గర గెలిచింది. మేడతాలో తెల్లవారకముందే, జోధ్‌పూర్ రాజపుత్రులైన రాఠోడ్లు ఇంకా నిద్ర లేవకముందే దాడి మొదలైంది. గెలుపు ఖాయమనుకున్న వేళ రోహాన్ అనే కెప్టెన్ ఆజ్ఞ లేకుండా తన పటాలాలను ముందుకు తోశాడు. రాఠోడ్ ఆశ్వికదళం ఆ సందులో విరుచుకుపడి, ఆ పటాలాలను చెదరగొట్టి, మొత్తం సైన్యాన్ని చుట్టుముట్టే స్థితి వచ్చింది. బోయిన్ అప్పటికప్పుడు తన వరుసలను నాలుగు వైపులా ముఖాలు పెట్టిన చతురస్రంగా మార్చాడు. చావుకు సిద్ధమని పసుపు బట్టలు కట్టిన రౌతులు మళ్లీమళ్లీ వచ్చి ఆ తుపాకీ గోడను ఢీకొన్నారే గాని ఎటునుంచీ లోపలికి దూరలేకపోయారు. తెగువలో వాళ్లదే పైచేయి అనాలి. కాని కదులుతున్న సేన ఎదురుదెబ్బ నడుమ అలా ఆకారం మార్చుకోవాలంటే, ఎన్నాళ్లుగానో జీతం ఆగకుండా కవాతు సాగి ఉండాలి.

ఇంకొక ఏర్పాటు నాకు వీటన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. గాయపడిన ప్రతివాడికీ గాయాన్ని బట్టి పదిహేను రోజుల నుంచి మూడు నాలుగు నెలల జీతం బహుమానంగా ఇచ్చేవారు. చికిత్స జరిగినన్నాళ్లూ మామూలు జీతం ఆగదు. అంగవైకల్యం కలిగినవారికి బతికినంతకాలం సగం జీతం, దానిపైన కొంత భూమి. అప్పటి మన దేశపు సైన్యాలలో ఇది దాదాపు కనీవినీ ఎరగని సంగతి.

1794 ఫిబ్రవరిలో మహాదాజీ చనిపోయాడు. వారసుడు దౌలత్‌రావు దగ్గర బోయిన్ ఎక్కువ కాలం నిలవలేదు. ఆరోగ్యం చెడి 1795 చివర్లో కొలువు విరమించాడు. ఇంగ్లీషువారితో తలపడేకంటే పటాలాలను రద్దు చేసుకోవడం మేలని వెళ్తూ వెళ్తూ దౌలత్‌రావుకు చెప్పాడంటారు. ఆ మాట చెవికెక్కలేదని 1803లో ఆలీగఢ్, ఢిల్లీ యుద్ధాలు తేల్చాయి. తాను మాత్రం సంపాదించిన డబ్బుతో ఇంగ్లండుకు, తరువాత సొంత ఊరికి చేరి, ఆసుపత్రులకూ అనాథలకూ పెద్ద మొత్తాలు ఇచ్చాడు. 1816లో సార్డీనియా రాజు ఆయనను కౌంట్ చేశాడు. అప్పటికి ఆయన వయసు 65. మరణం 1830 జూన్ 21న.

ప్రశ్న: పుదుచ్చేరి లాలీ కూడా ఇలాంటి కిరాయి సేనానేనా? ఆయన వల్లే కోస్తా సర్కార్లు ఫ్రెంచివారి చేయి జారాయంటారు, నిజమేనా? (కావలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మొదటి ప్రశ్నలోని ‘పుట్టుదొర’ అన్న మాట నిజానికి లాలీకి చెల్లుతుంది. తండ్రి ఐర్లండు నుంచి ఫ్రాన్సుకు ప్రవాసం వెళ్లిన ప్రభువంశ సైనికాధికారి. లాలీ 1702లో ఫ్రాన్సులోనే పుట్టి, తన పేరుతోనే ఒక ఐరిష్ పటాలాన్ని నడిపి, 1745లో ఫాంటెనాయ్ యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడు. కాబట్టి ఆయనను కిరాయి సేనాని అనలేము, తండ్రి నాటి పరాయి కొలువు కొడుకు నాటికి స్వదేశమైంది. 1758లో ఫ్రెంచి సేనాధిపతిగా పుదుచ్చేరికి వచ్చీరాగానే నిజాం దర్బారు నుంచి ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలిపించాడు. సైన్యం ఖర్చు కోసం 1753లో బుస్సీ నిజాం నుంచి రాయించుకున్న సర్కార్లకు దాంతో పెద్ద దిక్కు లేకపోయింది. ఆ ఏడు డిసెంబరులో చందుర్తి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కుంఫిణీ సేనాని కర్నల్ ఫోర్డు వశమయ్యాయి. ఈ ఫోర్డే 1757లో నజీబుల్లా ఖాన్ చేతిలో ఉన్న మన నెల్లూరు కోట మీదికి వచ్చి, పట్టలేక తిరిగి వెళ్లాడు. లాలీకి వంశం, శౌర్యం రెండూ ఉన్నాయి గాని ఖజానా ఖాళీ. 1759 అక్టోబరులో జీతాలు అందక ఆయన సిపాయిలు కాదు, సాక్షాత్తు ఫ్రెంచి సైనికులే తిరుగుబాటు చేశారు. మూడు నెలలకే, 1760 జనవరి 22న, వందవాసిలో ఓడిపోయాడు. మరుసటి ఏడు పుదుచ్చేరి లొంగింది. 1766 మే 9న పారిస్‌లో రాజద్రోహ నేరం మోపి తల నరికారు. శిక్ష అన్యాయమని వోల్టేరు సైతం వాదించాడు.

ప్రశ్న: డి బోయిన్ ఇక్కడ పెళ్లి చేసుకున్నాడా? ఆ కుటుంబం ఏమైంది? (నెల్లూరు నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: లక్నోలో నూర్ బేగం అనే మహిళతో కాపురం చేసి కూతురిని, కొడుకు అలీ బక్ష్‌ను కన్నాడు. 1797లో వారిని ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. అక్కడ ఆమె హెలెన్ బెన్నెట్ అయింది. మరుసటి ఏడే ఆయన ఫ్రెంచి ప్రభువంశపు పదిహేడేళ్ల పిల్ల అదేల్ దాస్మాన్‌ను పెళ్లాడి, నూర్ బేగానికి భరణం ఏర్పరచి పక్కకు తప్పించాడు. వికలాంగుడైన పరాయి సిపాయికి బతికినంతకాలం సగం జీతం రాసిచ్చిన మనిషి చేసిన ఈ పని ఆయనను మెచ్చుకునేవారికి కూడా మింగుడుపడదు. అదేల్‌తో కాపురం ఎంతో కాలం సాగలేదు, పిల్లలూ లేరు. కౌంట్ బిరుదు చార్లెస్‌గా పేరు మారిన అలీ బక్ష్‌కే దక్కింది. నూర్ బేగం ససెక్స్ పల్లెసీమలో బతికి 1853లో మరణించింది. ఆమె అక్క ఫైజ్ బక్ష్ కుంఫిణీ అధికారి విలియం పామర్ భార్య. వారి కొడుకే హైదరాబాదులో నిజాం సర్కారుకు అప్పులిచ్చిన పామర్ కంపెనీ స్థాపకుడు.