కప్పు ముందా, రంగు ముందా?

ప్రశ్న: బెంగళూరులో మా పిల్లల సర్కారు బడిలో రెండు గదులు కారుతున్నాయి. మరమ్మతు డబ్బుతో రంగులు, టైల్స్ వేయిద్దామని కొందరు అధికారులు, కప్పు చూద్దామని ఇంజనీరు. మేం ఏం అడగాలండీ?

జవాబు: ఇంజనీరు మాటే పట్టుకోండి. కారే కప్పు కింద రంగు ఒక్క వానాకాలానికే పొక్కి రాలుతుంది. అంతకన్నా ప్రమాదం, నీరు దిగి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బడం. అప్పుడు కాంక్రీటు పెచ్చులుగా ఊడి పిల్లల మీద పడుతుంది. కప్పు, నీటి గొట్టాలు, వైరింగు, మరుగుదొడ్లు అయ్యాకే రంగు.

ఎస్టిమేట్ నకలు అడగండి. ‘వాటర్‌ప్రూఫింగ్’ అని ఒకే మొత్తం రాసి ఉంటే ఒప్పుకోవద్దు. పాత పొర తొలగింపు, వాననీటి గొట్టాల వైపు వాలు, పిట్టగోడ మూలల పూత, అన్నీ చదరపు మీటర్లతో, రేట్లతో విడివిడిగా ఉండాలి. పెచ్చులూడిన చోట తుప్పు గీకకుండా సిమెంటు మెత్తితే మళ్లీ ఊడుతుంది. పనయ్యాక గొట్టాలు మూసి, రెండంగుళాల నీరు రెండు రోజులు నిలబెట్టి, కింద చెమ్మ లేదని చూశాకే బిల్లు పాస్ కావాలి.

సమగ్ర శిక్షా పథకం కింద వచ్చే బడి గ్రాంటు పెద్ద బళ్లకు కూడా ఏడాదికి లక్షే. అది సున్నానికి, కుళాయిలకు సరి, కప్పుకు చాలదు. విడిగా నిధులు కోరుతూ ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ)లో తీర్మానం చేయించి మినిట్స్‌లో రాయించండి. ఎస్టిమేట్ నకలు ఇవ్వకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గడువు 30 రోజులు.